కళాయి నికాండ్రో వండిన విర్తూ

మా ఊరి చర్చి గోడకి రెండు రాతిపలకలున్నాయి. యుద్ధానికి వెళ్లి తిరిగిరాని వాళ్ల పేర్లు ఒకదాని మీద, పెద్దగంట చేయించిన దాతల పేర్లు రెండోదాని మీద. కళాయి నికాండ్రో పేరు దేని మీదా లేదు. లోపల బాప్తిస్మపు తొట్టిలో ఉన్న రాగి పళ్లెం అతను చేసిందే. అది పెట్టాక ఈ ఊళ్లో పుట్టిన ప్రతివాడి నెత్తి మీదా నీళ్లు పోసింది ఆ పళ్లెం లోంచే. అయినా పేరు లేదు.

అందుకని ఈ నాలుగు మాటలూ నేను రాస్తున్నాను. రాయడానికి నాకు అర్హత ఉంది. మా కొల్లెపియానో బడిలో ఐదో తరగతి దాకా చదివి పాసైన మొదటి ఆడపిల్లని నేనే. కొత్త రోడ్డు తెరవడానికి మంత్రిగారు వచ్చినప్పుడు స్వాగతపత్రం తడబడకుండా చదివింది నేను. పండగ సంఘంలో ఆడవాళ్లకి పెద్దగా నేనున్నన్నాళ్లూ ఊరేగింపు ఒక్క ఏడు కూడా ఆగలేదు. తెరామో పట్నం నుంచి వచ్చిన బిషప్పుగారు మే ఒకటిన మా ఇంట్లో వండిన విర్తూ మళ్లీ అడిగి మరీ వడ్డించుకున్నారు. అది కళ్లారా చూసినవాళ్లు ఇంకా కొందరు బతికే ఉన్నారు, కావాలంటే అడగండి. అన్నిటికీ మించి నికాండ్రో నా మరిది. మా చెల్లెలు పాల్మీనా భర్త.

అతను పుట్టింది మా ఊళ్లో కాదు. దక్షిణాన మోలీసే కొండల్లో అన్యోనే అని ఒక ఊరుంది, అక్కడ. ఆ ఊళ్లో తెల్లవారితే కోడి కంటే ముందు రాగి మీద సుత్తి మోగుతుందట. కుర్రతనంలోనే గాడిద మీద కొలిమి తిత్తీ, తగరం కడ్డీలూ, నవాసారం సంచీ వేసుకుని ఊరూరా తిరుగుతూ ఏటా ఏప్రిల్ నెలకి మా ఊరు చేరేవాడు. ఏప్రిల్లోనే ఎందుకంటే మే ఒకటో తేదీకి ప్రతి ఇంటి గుండిగలోనూ కళాయి తళతళలాడాలి. కళాయి పోయిన రాగిలో విర్తూ వండితే చిలుము కక్కి ఇంటిల్లిపాదీ మంచాన పడతారు.

బట్టలుతికే రేవు పక్కన కమాను కింద కూర్చుని పని చేసేవాడు. మా అమ్మ లొరేతా గుండిగని నేనూ పాల్మీనా చెరో చెవీ పట్టుకుని మోసుకెళ్లాం. నాకప్పటికే పెళ్లయింది. పాల్మీనాకి ఇంకా కాలేదు గానీ నోరు మాత్రం పదిమంది పిల్లల తల్లి నోరు.

"ఏమయ్యోయ్, నిరుడు నువ్వేసిన కళాయి క్రిస్మస్ దాకా కూడా నిలవలేదు. తగరం వేశావా, పాలు పోశావా?" అంది గుండిగ అతని ముందు దబ్బున దించుతూ.

అతను గుండిగ లోపలికి తల దూర్చి చూశాడు. "మీ ఇంట్లో దీన్ని తోముతున్నారా, గీకుతున్నారా అమ్మాయిగారూ? ఇసకేసి ఇలా గీకితే వెండైనా ఊడొస్తుంది."

"తోమేది నేనే!"

"అయితే గుండిగ తప్పేం లేదులెండి. పాపం, నోరులేని జీవం."

పాల్మీనా మూతి ముడుచుకుని అక్కడే నిలబడింది. అతనేమో ఆమెనే చూస్తూ కొలిమి మీద కాలుతున్న ఇంకో గుండిగ అంచు మీద చెయ్యేసి, వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడే అనుకున్నాను, ఈ గాడిద ఇంక మన ఊళ్లోనే మేత మేస్తుందని.

ఆ ఏడు మే ఒకటిన మా అమ్మ అతన్ని భోజనానికి పిలిచింది. పరాయివాడు ఊళ్లో ఉండగా విర్తూ పెట్టకపోవడం మా దగ్గర మర్యాద కాదు. చలికాలం దాటాక అలమారలో మిగిలిన శనగలు, చిక్కుడు గింజలు, మసూర్లు, ఎండు బఠాణీలు అన్నీ ఆ రోజున బయటికి రావాలి. దేనికది వేరే గిన్నెలో ఉడకాలి. పొలంగట్ల మీద అప్పుడే మొలిచిన ఆకుకూరలు, మరువం, పంది తొడ ఎముక, పొట్లాల అడుగున మిగిలిన తలొక రకం పాస్తా ముక్కలు, ఇవి కూడా ఎవరి దారిన అవి ఉడికి, ఆఖరున పెద్ద గుండిగలో కలుసుకుంటాయి. మంచులో కూరుకుపోయిన నెలలన్నీ ఇంటిల్లిపాదికీ పెట్టి కూడా, ప్రతి రకంలో గుప్పెడు వసంతం దాకా మిగల్చగలిగిన ఇల్లాలి గుణానికి ఆ పేరు. విర్తూ అంటే సుగుణాలే మరి.

నికాండ్రో ఒక చెంచా తిన్నాడు. రెండోది తిన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అబద్ధమాడను.

"అమ్మగారూ! ఇంత మంచి మినెస్త్రోనే నేను పుట్టి బుద్ధెరిగి తినలేదండీ!"

బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోయాయి. పక్కింటి చెసీదియా శిలువ గుర్తు వేసుకుంది.

"ఏమన్నావు నాయనా?" అంది అమ్మ, చాలా మెత్తగా.

ముసలావిడకి చెవుడనుకున్నాడు కాబోలు, గొంతు పెంచి అన్నాడు. "మినెస్త్రోనే బ్రహ్మాండంగా ఉందీ అంటున్నాను!"

అమ్మ లేచి అతని ముందున్న గిన్నె తీసి చెసీదియా ముందు పెట్టింది. "నువ్వన్నదేదో రోడ్డు మీద సత్రంలో దొరుకుతుంది, అక్కడికి వెళ్లు నాయనా. దొరికినవన్నీ తరిగి ఒక్క కుండలో పారేసి, మూతపెట్టి, ఊరి మీద పెత్తనాలకి పోయే ఆడవాళ్లు వండేది మినెస్త్రోనే. నేను తెల్లారకముందు లేచాను."

అతన్ని అని ఏం లాభం? అన్యోనేలో పండగ భోజనమంటే జుప్పా. గిన్నె అడుగున కాల్చిన రొట్టె ముక్కలు, వాటి మీద చీజు, గోళీలంత మాంసపు ఉండలు, పైన కోడి రసం. అడుగున రొట్టె ఉందా, అది జుప్పా. రొట్టె లేదా, అది మినెస్త్రా, మా విర్తూ ఆ జాతిదే. ఆ మినెస్త్రా అనే మాటకి వడ్డన అని అర్థమని మా పాదిరీగారు చెప్పేవారు. నాకు మాత్రం పాదిరీగారు చెప్పకముందే తెలుసు. పొయ్యి మీద ఉన్నంతసేపూ అది నీళ్లూ గింజలే. ఇంటి పెద్దావిడ గరిటె పట్టుకుని, ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహం చూసి, పొలం నుంచి వచ్చినవాడికెంత, పాలిచ్చే తల్లికెంత, అలిగినవాడికెంత అని తెలుసుకుని వడ్డించాక కదా దానికి ఆ పేరు. అందుకే పాత ఇళ్లలో గరిటె ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాళ్లది.

నికాండ్రో గాడిదని తోలుకుని మర్నాడు వెళ్లిపోయాడు. పాల్మీనా ఏడాదంతా గుండిగని ఇసకతో ముట్టుకోలేదు. బూడిదతో, గుడ్డతో, పసిపిల్లకి నీళ్లు పోసినట్టు తోమేది. అది అమ్మా చూసింది, నేనూ చూశాను.

మళ్లీ ఏప్రిల్ వచ్చింది. అతను వస్తూనే కమాను దగ్గర తిత్తి కూడా దించకుండా తిన్నగా మా ఇంటికొచ్చి, గుడ్డలో చుట్టిందేదో బల్ల మీద పెట్టాడు.

"ఏంటిది?" అంది అమ్మ.

"గరిటెండి."

"నాకు కళ్లు కనబడవనుకున్నావా?"

"లేదండీ. మీ గరిటె నిరుడు చూశాను. అంచు అరిగిపోయి ఎడమకి ఒరిగింది. మీరు వడ్డించినప్పుడల్లా ఆఖరి చుక్క మీ ఏప్రన్ మీద పడుతోంది."

"నీ గిన్నె నేను లాక్కుంటుంటే నువ్వు గరిటె చూస్తున్నావా?"

"గిన్నె ఎలాగూ పోయింది కదండీ."

మా అమ్మ నవ్వింది. నా పెళ్లిలో కూడా నవ్వని మనిషి. గరిటె చేతిలోకి తీసుకుని ఖాళీ గాల్లోనే ఎవరికో వడ్డించినట్టు తిప్పి చూసింది. ఒకే రాగి రేకుని సాగగొట్టి చేసిన గిన్నె, దానికి పొడుగాటి కాడ, కాడ చివర పట్టు జారకుండా చిన్న ముడి. "సరే, ఈ ఏడు కూర్చో. నోరు మాత్రం తినడానికే తెరువు," అంది.

ఆ శరదృతువులో పెళ్లయింది. గాడిదని అమ్మేసి, కమాను పక్కనున్న పాత కొట్టాన్ని దుకాణం చేసుకుని అతను మా ఊరివాడైపోయాడు. అమ్మ పోయాక గుండిగతో పాటు ఆ గరిటె పాల్మీనాకి వెళ్లింది. పెద్దదాన్ని నేనుండగా చిన్నదానికెలా ఇచ్చిందని నా చెవి కొరికినవాళ్లున్నారు. నా గరిటె నాకుంది, బిషప్పుగారికి వడ్డించిన గరిటె అది. ఇంకొకటి నాకెందుకు?

నా మరిది చేసిన పనులు చెప్పాలంటే చాలా ఉన్నాయి. పళ్లెం సంగతి చెప్పాను. చర్చి గోపురం మీద గాలి వాటం చూపే రేకు కోడిని దించి రెక్క అతికించి మళ్లీ ఎక్కించాడు. ఊళ్లో ఏ గుండిగ చప్పుడైనా విని అది ఎవరింటిదో చెప్పేవాడు. ఒక్క వంట మాత్రం రాలేదు. గుడ్డు ఉడకేసి చూస్తూ ఉండమంటే, గిన్నెని తట్టి దాని అందం చూస్తూ కూర్చునేవాడు. నీళ్లు ఇగిరిపోయి గుడ్డు పేలేది.

వాళ్లకి పిల్లలు కలగలేదు. అల్యూమినియం వచ్చింది, ఆ వెనకే స్టీలు వచ్చింది. ఆడవాళ్లు పాత రాగి గిన్నెలు కళాయికని ఇచ్చి, సంతలో మెరిసే స్టీలు కొనుక్కుని, రాగిది తీసుకెళ్లడం మర్చిపోయేవాళ్లు. అతను వాటిని దుకాణంలో దూలాలకి వేలాడదీశాడు. పట్నం నుంచి ఒక వర్తకుడు వచ్చి, హోటళ్లలో గోడలకి తగిలించడానికి అన్నీ కొంటానన్నాడు.

"ఇవి నావి కావండీ. వాళ్లు తీసుకెళ్లడం మర్చిపోయారు, అంతే," అన్నాడు నికాండ్రో.

"ఎంతకాలమైంది మర్చిపోయి?"

"గుర్తొచ్చినప్పుడు వస్తారు."

పాల్మీనా కిటికీ లోంచి అరిచింది. "పోవయ్యా పో! పిల్లల్లేని ఇల్లంటారు గానీ, ఇన్ని గిన్నెలకి తల్లినయ్యాను. వాటినీ అమ్ముకోమంటావా?"

ఆ నోరు ఒక జనవరిలో మూగబోయింది. ముగ్గురు రాజుల పండగ అయిన వారానికి, మంచు కురుస్తుండగా, పెద్దగా బాధపడకుండానే పోయింది. సమాధి తోట నుంచి వచ్చి నికాండ్రో దుకాణం తెరిచి చల్లారిన కొలిమి ముందు కూర్చున్నాడు. పలకరిస్తే, "చెప్పు వదినా," అనేవాడు. నేను చెప్పేదాన్ని. అతను వినేవాడు కాదు.

ఆ మే నెలలో మా కట్టుబాటు ప్రకారమే జరిగింది. చావు జరిగిన ఇంట్లో ఆ ఏడు గుండిగ పొయ్యెక్కదు. చుట్టుపక్కల ఇళ్లన్నీ వాళ్ల విర్తూ గిన్నెలతో తెచ్చిపెడతాయి. మామూలుగా మా దగ్గర గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లదు, ఇచ్చిన వాళ్ల గిన్నెలో మన విర్తూ పోసి పంపాలి. చావింటికి ఒక్క ఏడు మాత్రం ఆ ఋణం లేదు. నికాండ్రో ఆ గిన్నెలన్నీ కడిగి, తుడిచి, ఒక్కొక్కటీ తనే తీసుకెళ్లి ఇచ్చాడు.

ఆ మరుసటి ఏడు అలా కుదరదు. అప్పటికీ పొగ లేవకపోతే ఆ ఇంటి గుమ్మం లెక్కలోంచి జారిపోతుంది. దర్జీ వాళ్ల ఇల్లు అలాగే మూగదైపోయింది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. గిన్నెలు మోసుకెళ్లే అమ్మాయిలు ఆ గుమ్మం దగ్గర ఆగడం మానేశారు, అంతే. ఆ తర్వాత పెళ్లికి పిలుపులు తగ్గాయి, శీతాకాలంలో తలుపు తట్టి ఎలా ఉన్నావని అడిగేవాళ్లు తగ్గారు. ఒంటరి మగవాడి ఇంటికి అదే జరుగుతుందని ఊరంతా అనుకుంటోంది. నికాండ్రోకి కూడా తెలుసు.

ఆ రెండో ఏడు ఏప్రిల్ సగంలో అతని దగ్గరికి వెళ్లాను. "నేను రెండు గుండిగలు పెడతాను. ఒకటి నీ పేరు మీద పంచుదాం. నా విర్తూ అంటే కాదనే మొగాడు ఈ లోయలో లేడు," అన్నాను.

"గుండిగ నీది, గింజలు నీవి, గరిటె మాత్రం నాదైతే, అది ఎవరి వడ్డన వదినా?"

"మరి నీకు వండడం వచ్చా?"

"రాదు. నేర్పు."

నేర్పడానికి నేనొక్కదాన్ని చాలను. కానీ అతను మర్యాదస్థుడు కాబట్టి ఇంటింటికీ వెళ్లి అడిగాడు. పుదీనా లేకపోతే అది విర్తూనే కాదంది చెసీదియా. పుదీనా వేసేవాళ్లని ఊళ్లోంచి వెళ్లగొట్టాలని ఎదురింటావిడ అంది. అతను బుర్ర గోక్కుంటూ వచ్చి, "వదినా, మీరంతా ఒకే దేవుడికి మొక్కుతారా?" అని అడిగాడు.

ఇదంతా బాగానే ఉంది. నెల చివరి వారంలో సామాను సరిచూద్దామని వాళ్ల వంటింటి అలమార తెరిచాను. పాల్మీనా సీసాలన్నీ నిండుగా అలాగే ఉన్నాయి. తను పోవడానికి ముందటి వేసవిలో కోసి, ఎండబెట్టి, మూతలకి గుడ్డ కట్టి పెట్టిన గింజలు. బల్ల కింద కాగితపు సంచులు కనబడ్డాయి. విప్పి చూస్తే తెరామోలో కొట్టు నుంచి తెచ్చిన శనగలూ, మసూర్లూ.

"ఇదేంటి నికాండ్రో? ఇంట్లో పెట్టుకుని కొట్లో కొన్నావా?"

"అవి అలా ఉండనీ వదినా."

"ఉండనివ్వడమేంటి? విర్తూ అంటేనే అలమార ఖాళీ అవ్వాలి. కొన్న గింజలతో వండితే నువ్వు మా అమ్మ దగ్గర అన్నావే, ఆ ముక్క, సరిగ్గా అదే అవుతుంది."

అతను నవ్వలేదు. ఒక సీసా తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. "ఈ మూత బిగించింది తన చెయ్యి. నేను ఒకసారి తెరిచానా, మళ్లీ బిగించేది నా చెయ్యే. అందుకే తెరవట్లేదు."

మంత్రిగారి ముందు తడబడని దాన్ని. ఆ పూట అలమార తలుపు మూసేసి ఇంటికొచ్చేశాను.

పండగ రెండు రోజులుందనగా పొద్దున్నే నా గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో చిక్కుడు గింజల సీసా.

"వదినా, పురుగు పట్టింది."

సీసా అడుగున పిండి రాలి ఉంది. గింజల్లో గుండుసూది పట్టేంత కన్నాలు. పొలంలో ఉండగానే గుడ్డు పెట్టి ఉంటుంది, ఏప్రిల్ వెచ్చదనానికి కదిలింది. మూత ఎంత బిగించినా దాన్ని ఆపలేరు.

"మిగతావి?"

"చూడ్డానికి భయమేసింది."

"పద," అన్నాను.

సీసాలన్నీ వాళ్ల పెరట్లోకి తెచ్చి, ఎండలో దుప్పటి పరిచాను. మూతలు మాత్రం తనే తీశాడు. ఒక్కొక్క మూతా తీసి, దానికి కట్టిన గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరం దుప్పటికి చెరోవైపు కూర్చుని ఏరడం మొదలుపెట్టాం. కాసేపటికి గోడ మీద చెసీదియా తల లేచింది.

"ఏం ఎర్సీలియా, మరిదికి గింజలేసి సోది చెబుతున్నావా? రెండో పెళ్లి ఉందంటోందా?"

నికాండ్రో తలెత్తలేదు. ఆమె దుప్పటి మీది సీసాలు చూసింది, అవి ఎవరివో తెలిసింది. తల దిగిపోయింది. మరు నిమిషంలో జల్లెడ చంకన పెట్టుకుని గేటు తోసుకుని వచ్చి, నన్ను పక్కకి జరగమని మోకాలితో పొడిచి కూర్చుంది.

"ఇది బాగానే ఉంది కదా?" అని నికాండ్రో ఒక గింజ చూపించాడు.

"ఎక్కడ బాగుంది? గుమ్మం పెట్టుకున్నారు చూడు. లోపల కాపురం నడుస్తోంది."

"ఇదో?"

"ఇందులో అత్తగారు కూడా ఉంది. కోళ్లకెయ్యి."

అతను నవ్వాడు. బొంగురుగా వచ్చింది ఆ నవ్వు. చెసీదియా చూడనట్టు జల్లెడ ఊపుతూనే ఉంది. చిక్కుడు గింజలు సగం పోయాయి, మసూర్లు బాగున్నాయి, శనగలకి ఏమీ కాలేదు గానీ రాళ్లలా బిగిసిపోయాయి.

"రెండేళ్ల శనగలు ఉడకవు. ఊరంతా దవడలు అరువు తెచ్చుకోవాలి," అంది చెసీదియా లేస్తూ.

"మంట నాకొదిలెయ్యండి," అన్నాడు నికాండ్రో.

అతనన్న మాటల్లో నాకు బాగా నచ్చింది అది. ఆ సాయంత్రమే ఏరిన గింజలు నానబోశాం, శనగల్లో చిటికెడు సోడా నేనే వేశాను. మర్నాడు తెల్లవారేసరికి దుకాణంలో ఆ మూల నుంచి ఈ మూలకి బొగ్గుల కుంపట్లు వరసగా పెట్టాడు. దూలాలకి వేలాడుతున్న రాగి గిన్నెలు దించి, దేనికది కళాయి వేసి, ఒక్కో గింజకి ఒక్కో గిన్నె ఇచ్చాడు. తగరం కరగాలి, పొగలు కక్కకూడదు. బతుకంతా అలాంటి మంట పట్టినవాడు. శనగల గిన్నె దగ్గర ముక్కాలిపీట వేసుకుని, పొంగనివ్వకుండా, చల్లారనివ్వకుండా, రోజంతా ఒక బొగ్గు వేస్తూ ఒకటి తీస్తూ కూర్చున్నాడు. నేను కుర్చీలో కూర్చుని ఆకుకూరల సంగతి, ఎముక సంగతి చెబుతూ వచ్చాను. నేను చెప్పాల్సిన అవసరం ఉందా అంటే ఉంది. కూరలు కడగకుండా వేయబోయాడు.

మే ఒకటిన అన్నీ మా అమ్మ గుండిగలో కలిశాయి. వాసన వీధిలోకి వెళ్లింది. నికాండ్రో తలుపు పక్క మేకుకున్న గరిటె తీశాడు. పళ్లేలు అందించబోయాను.

"వద్దు వదినా."

గింజలు ఉడికిన గిన్నెలూ, మిగతా రాగి గిన్నెలూ కడిగి, తుడిచి బల్ల మీద బోర్లించి ఉన్నాయి. ఒక్కోటి తిప్పి, "ఇది మిల్లు వాళ్లది, ఐదుగురు," అని అంతకి తగ్గట్టు వడ్డించాడు. "ఇది పంతులమ్మది. పళ్లు లేవు, శనగలు తగ్గించాలి." అలా ప్రతి ఇంటి విర్తూ ఆ ఇంటివాళ్లు మర్చిపోయిన గిన్నెలోనే వెళ్లింది. మోయడానికి ఎవరినీ రానివ్వలేదు. చేతికొకటి పట్టుకుని, ఎన్నిసార్లు తిరిగాడో, అన్నీ తనే ఇచ్చి వచ్చాడు.

చెసీదియా కేక నాకు పెరట్లోకి వినిపించింది. "ఇది మా అత్తగారి గిన్నె! దీన్ని తాకట్టు పెట్టి తాగేశావని మా ఆయన్ని ఇన్నాళ్లూ తిడుతున్నానే! నీ దగ్గరికెలా వచ్చింది?"

"మీరే కళాయికిచ్చారు."

"ఎప్పుడు?"

"మీ పెద్దమ్మాయి పాలు మానిన ఏడు."

"ఆ పిల్లకి మనవలు పుట్టారయ్యా!"

"కళాయి నిలిచింది కదా మరి," అన్నాడు.

తిరిగొచ్చి చేతులు కడుక్కున్నాడు గానీ కూర్చోలేదు. అలమార ఖాళీ. పాల్మీనా సీసాలు కడిగి కిటికీ గట్టు మీద బోర్లించి ఉన్నాయి. ఊళ్లో గిన్నెలు తిరిగే వేళయింది. అమ్మాయిల అడుగుల చప్పుడు, నవ్వులు, ఎవరో ఎవరినో ఒలకబోయకు అని అరవడం వినిపిస్తున్నాయి. అతను తలుపు వెనక నిలబడి వింటున్నాడు. చేతిలో గరిటె అలాగే ఉంది.

"రారేమో వదినా."

"నోరు మూసుకుని నిలబడు."

అడుగులు వచ్చాయి. ఒక జత గుమ్మం దాటి ముందుకు వెళ్లిపోయింది. అతని చెయ్యి గరిటె కాడ మీద బిగుసుకుంది. మళ్లీ అడుగులు. ఈసారివి బరువైనవి, కీళ్లనొప్పులవి, నాకు బాగా తెలిసినవి. గుమ్మం దగ్గర ఆగాయి.

"నికాండ్రో! తలుపు తియ్యవయ్యా, చేతులు కాలుతున్నాయి! అమ్మాయిల్ని పంపితే దారిలో సగం తాగేస్తారని నేనే వచ్చాను. నా వెనక మిల్లు వాళ్ల పిల్ల కూడా నిలబడింది."

అతను తలుపు తీశాడు. అదే రాగి గిన్నె, నిండా పొగలు కక్కుతూ. చెసీదియా దాన్ని అతని చేతుల్లో పెట్టింది.

"శనగలు ఉడికాయయ్యా. ఒక్కటి మాత్రం నా పన్ను మీద తిరగబడింది. దానికి పాల్మీనా నోరే వచ్చి ఉంటుంది."

అతను గిన్నె మీదికి వంగి వాసన చూశాడు. కళ్లద్దాల మీద ఆవిరి కమ్మింది, తుడుచుకోలేదు.

"పుదీనా వేశావా?"

"వేస్తాను. చచ్చేదాకా వేస్తాను."

"మా ఇంట్లో వేసేవాళ్లం కాదు," అన్నాడు నికాండ్రో. చెంచా కోసం ఆగకుండా, గుమ్మంలో నిలబడే, గరిటెతో ఒక గుక్క ముంచుకుని తాగాడు. ఆ తర్వాత పక్కకి జరిగి, వాళ్లిద్దరినీ లోపలికి రమ్మన్నాడు.